మేము

రాత్రి తొమ్మిదింటికి మా హిమజ ఆఫీసరైంది.
కుట్టుమిషన్ మీది గుడ్డ తీసి బల్ల చేసుకుని
వాళ్ళమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని
"మీ వృత్తి?" అనింది.
నాకు నవ్వొచ్చింది. దానికి రాలేదు.

పది దినాల పని. ఏదో చలిదేశంలో ఒక పెద్ద హాల్లో
మగ్గం బిగించి నేస్తాంటే జనం నిలబడి చూస్తారంట.
ఉరవకొండలో ఎవరూ నిలబడరు,
అప్పుకొచ్చినోళ్ళు తప్ప.

"వృత్తి?"
"నేతప్పా."
"అప్పా అనగూడదు నాయనా. యజమాని ఎవరు?"
ఆడ తట్టుకున్యా.
ఫారంలో స్వయం ఉపాధి అని ఉంది,
సొసైటీ లెటర్లో మా కార్మికుడు అని ఉంది,
బ్యాంకు పుస్తకంలో కూలీ.
పట్టు ఇచ్చేది సేటు. మగ్గం నాది. గుంత మా నాయన తవ్వింది.
చీర బాగొస్తే సేటుది,
మరక పడితే నాది.
"ఏదో ఒకటే చెప్పు,
ఎన్ని తీర్ల అడిగినా అదే రావల్ల."

"ఎన్నేండ్ల నుంచి?"
"తొమ్మిదో ఏటి నుంచి."
హిమజ పెన్ను కింద పెట్టింది.
గుర్తింపు కార్డులో రెండువేల నాలుగు.
దానికి ముందరి పదేండ్లు,
మా నాయన పక్కన కూర్చుని దారాలు లాగి లాగి
చూపుడువేలు కోసుకపోయి
పులుసన్నం కలుపుకుంటే మండిన ఏండ్లు,
ఏ కాగితం మీదా లేవు.

ఇంకో మూడేండ్లు ఉండాయి.
పట్టు ధర పెరిగి సేటు చేతులెత్తేసిన ఏండ్లు.
ఇంట్లో సాలీడు ఒక్కటే నేసింది.
నేను బెంగళూరులో ఒక గేటు కాడ కుర్చీలో కూర్చుని
వచ్చే పోయే కార్ల నంబర్లు రాసుకుంటాంటి.
"వీటినేం చేద్దాం?" అన్యా.
బిడ్డ చానాసేపు ఏమీ అనలేదు.
"అడక్కుంటే ఎత్తొద్దు. అడిగితే ఉండేది ఉన్నట్టు చెప్పు."

"చీరకు ఎన్ని దినాలు?"
"ఎనిమిది."
మూలన రాట్నం ఆగింది.
"నేను కండెలు చుట్టకుంటే పదహైదు,"
అనింది నాగరత్న. మళ్ళా తిప్పుకుంది.
"నువ్వు ఫారంలో లేవుమా," అనింది హిమజ.
కళ్ళద్దాలు తీసి వాళ్ళమ్మకిచ్చింది.

గుంతకల్లులో రైలెక్కినా.
చెన్నైలో అద్దం వెనక ఒకాయన,
పక్కన తెలుగొచ్చిన ఒకామె, కృష్ణా పక్క మాట.
"ఎవరి దగ్గర పని చేస్తారు?" అని మొదట,
"డబ్బులు ఎవరిస్తారు?" అని కడాన.
రెండూ ఒకటే ప్రశ్నని హిమజ ముందే చెప్పింది.
రెండుసార్లూ ఒకటే చెప్పినా:
మగ్గం నాది, పట్టు సేటుది, చీరకింత అని ఇస్తాడు.
బెంగళూరు ఊసు ఎత్తలేదు ఆయన.

"చీరకు ఎన్ని రోజులు?"
"ఎనిమిది దినాలకు నేస్తాం సార్ మేము."
ఆమె ఇంగ్లీషులోకి తిప్పింది.
నాకు ఇంగ్లీషు రాదు గానీ
'ఐ' అంటే నేననేది తెలుసు.
ఆమె 'ఐ' అనింది.

ఆమె తప్పేముంది.
ఒక్కడున్నా మా ఊరు, మా ఇల్లు, మా ఆడమనిషి అంటాం,
ఎవరికని తెలుస్తాది.
"మేమంటే..." అని నోరు తెరిచినా.
ఆయన అప్పటికే రాసుకుంటాన్యాడు.
ఫారంలో ఒక్కడే, నోట్లో ఒక్కడే, సరిపోయింది.
తెరిచిన నోరు మూసుకున్యా.

ఇంటికొచ్చేసరికి పొద్దు పోయింది.
"అన్నిటికీ ఒకటే చెప్పినావా?"
"చెప్పినా."
"ఎనిమిదేనా?"
"ఎనిమిదే."
ఇంకేమీ అడగలేదు.
నేను లేని రెండు దినాలకూ కండెలు చుట్టి
బుట్ట నిండా పెట్టింది, ఆకుపచ్చవి ఒక పక్క,
బార్డరువి ఒక పక్క.
కాళ్ళు కడుక్కుని గుంతలోకి దిగి
పైనుండే కండె తీసుకుని నాడెలో పెట్టినా.